మూడు నిమిషముల మౌఖిక పరీక్ష

కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాల, ఆలంపురము సీమను అక్కడివారు నడిగడ్డ యందురు. ఆ సీమలో గొర్రెల మందతోపాటు పెరిగిన పిల్లవానికి పశువైద్యము పుస్తకముతో ఆరంభము కాదు. తొలకరికి మొలచిన లేతపచ్చికను ఆబగా మేసిన గొర్రె, సాయంకాలము వరకు చక్కగా తిరిగి, తెల్లవారునప్పటికి దొడ్డిలో కాళ్లు చాచి పడియుండుట వాడు చూచినాడు. దానిని పెద్దలు చిటుక రోగమందురు. వానలు ముదిరిన తరువాత గొర్రె మూతి వాచి, నాలుక నీలివన్నెకు తిరిగి, అడుగు తీసి అడుగు వేయలేక కుంటుచున్నచో అది నీలినాలుక. ఆ రోగమును మోసికొని వచ్చునది కంటికి ఆనని చిన్న ఈగయని వానికి తెలియకపోవచ్చును. దోమలు ముసరు పల్లపు నేలలో మందను నిలుపరాదని మాత్రము తాత చెప్పగా విన్నాడు. క్రింది దవడ తెరచి చూచి అది రెండు పండ్లదో నాలుగు పండ్లదో చెప్పగలడు. ఈత కష్టమైన వేళ గొర్రెపిల్ల తల ముందున్నదో, కాలు మడతపడినదో వ్రేళ్లతో తడిమి తెలిసికొనగలడు.

వనపర్తి మెట్టపొలములయందును ఇదే విద్య. నాగర్‌కర్నూలు దాటి నల్లమల అంచున అమరాబాదు గుట్టలకు పోయినచో గొర్రెలతోపాటు ఒంటిమీద పొడలు గల ఆవులు కనబడును. వాటిని పొడ తూర్పు జాతి యందురు. తరతరములుగా రైతులును లంబాడీలును కాపాడిన ఈ జాతి ఇటీవలి కాలములోనే దేశపు గోజాతుల అధికార పట్టికకు ఎక్కినది. 2019 పశుగణన ప్రకారము తెలంగాణలోని గొర్రెలు ఒక కోటి 90 లక్షలకు పైబడినవి. దేశములో మరి ఏ రాష్ట్రమునకును అంత సంపద లేదు. పాలమూరు సీమ ఆ సంపదకు పుట్టినిల్లు వంటిది.

ఇంత పశుసంపద నడుమ పెరిగిన బాలుడుగాని బాలికగాని పశువైద్యము చదువగోరుట సహజము. ఆ కోరికకు దారి మాత్రము దూరము. వనపర్తి రాజభవనములో 1959లో పాలిటెక్నిక్ వెలసినది. గద్వాల కోటలో మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ పేరిట డిగ్రీ కళాశాల వెలసినది. నాగర్‌కర్నూలు దాపున పాలెములో వ్యవసాయ పరిశోధన కేంద్రము కలదు. పి.వి. నరసింహారావు పేరిట ఏర్పడిన తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయము వనపర్తి ప్రాంతమునకు ఒక కళాశాలను ప్రసాదించినది; పెబ్బేరులోని ఆ కళాశాల చేపలకు సంబంధించినది! గొర్రెలవారి పిల్లలు పశువైద్యమునకై పూర్వము మద్రాసుకో, 1946లో వెలసిన హైదరాబాదు కళాశాలకో, 1955లో వెలసిన తిరుపతి కళాశాలకో పోవలసియుండెను. ఇప్పుడు రాజేంద్రనగరముతోపాటు కోరుట్ల, మామునూరు కళాశాలలు కలవు. ఏ చోటికి పోవలెనన్నను ముందు ఒక వాకిలి దాటవలెను. ఆ వాకిట నిలిచి తిరిగివచ్చినవారే ఎక్కువ.

ఒకప్పుడు ఆ వాకిట ఒక బల్ల, దాని వెనుక నలుగురు పెద్దమనుష్యులు ఉండెడివారు. వైద్యము, ఇంజనీరింగు వంటి వృత్తివిద్యలన్నిటికి దేశములో అనేక చోట్ల మార్కులతోపాటు మౌఖిక పరీక్షయు నుండెను. దీనినే అందరును ఇంటర్వ్యూ అందురు. పరీక్షలో మార్కులు తెచ్చుకొన్న విద్యార్థి, అరువు తెచ్చిన చొక్కా తొడిగి, గది బయట బెంచీమీద గంటలకొలది కూర్చుండి, పిలిచినప్పుడు లోనికి పోయి, "మీ తండ్రి ఏమి చేయును? మీది ఏ ఊరు?" అను రెండు ప్రశ్నలకు జవాబు చెప్పి బయటికి వచ్చెడివాడు. కొన్ని దినములకు గోడమీద జాబితా అంటించబడును. అందులో పేరు లేదు. ఏల లేదో చెప్పువారును లేరు. వ్రాత పరీక్షలో తప్పినవానికి తాను ఏ లెక్క తప్పు చేసెనో తెలియును. మౌఖిక పరీక్షలో తప్పినవానికి తన ముఖము బాగుండలేదో, మాట బాగుండలేదో, తండ్రి వృత్తి బాగుండలేదో ఎన్నటికిని తెలియదు.

ఇది కేవలము ఓడినవారి దుగ్ధ కాదనుటకు న్యాయస్థానముల తీర్పులే సాక్ష్యము. 1964లో మైసూరు రాష్ట్రమునుండి వచ్చిన చిత్రలేఖ వ్యాజ్యములో సుప్రీంకోర్టు ఇంటర్వ్యూ పద్ధతిని ఆమోదించినది. పరీక్షించువారు యోగ్యులై, న్యాయముగా నడపినచో వ్రాతలో బయటపడని గుణములు మాటలో బయటపడునని ఆనాటి నమ్మకము. 1970లో తమిళనాడు వైద్య కళాశాలల ఎంపికను గూర్చిన పెరియకరుప్పన్ వ్యాజ్యము వచ్చునప్పటికి ఆ నమ్మకము సడలినది. మొత్తము 275 మార్కులలో 75 ఇంటర్వ్యూకే కేటాయించబడియుండెను. అసలు గుట్టు బయటపడినది మాత్రము 1980లో, అజయ్ హాసియా వ్యాజ్యములో.

అది పశువైద్య కళాశాల కాదు. శ్రీనగరులోని ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల. అయినను ఏ కళాశాల బల్ల యెదుట నిలిచి తిరిగివచ్చిన విద్యార్థియైనను ఆ తీర్పులో తన ముఖమును చూచుకొనగలడు. 1979-80 సంవత్సరపు ప్రవేశములకు అక్కడ వ్రాత పరీక్షకు 100 మార్కులు, మౌఖిక పరీక్షకు 50 మార్కులు. ఈ 50 మార్కులను కాగితముమీద ఎంతయో ముచ్చటగా పంచినారు: సామాన్య జ్ఞానమునకు 15, ఏదైన ఒక విషయమును లోతుగా గ్రహించు శక్తికి 15, చదువుకు వెలుపలి కార్యక్రమములకు 10, వ్యక్తిత్వమునకు 10. ఇన్ని గుణములను తూచుటకు ఒక్కొక్క అభ్యర్థికి దొరకిన కాలము సగటున రెండు మూడు నిమిషములు మాత్రమేనని, అడిగినవి తండ్రి పేరు, ఊరి పేరు వంటి ప్రశ్నలేనని సీటు రానివారు న్యాయస్థానమునకు విన్నవించుకొనిరి. వ్రాతలో చాల వెనుకబడినవారు మౌఖికములో ఎత్తైన మార్కులు పొంది సీట్లు దక్కించుకొనిరి. వ్రాతలో ముందున్నవారు మౌఖికములో జారిపోయిరి.

అయిదుగురు న్యాయమూర్తుల పీఠము పక్షమున న్యాయమూర్తి పి.ఎన్. భగవతి ఆ సంవత్సరము నవంబరు 13వ తేదీన తీర్పు చెప్పినారు. మొత్తములో మూడవవంతు మార్కులను మౌఖిక పరీక్షకు కేటాయించుట నిరంకుశమనియు, నూటికి 15 మించరాదనియు నిర్ణయించినారు. అడిగిన ప్రశ్నలు, చెప్పిన జవాబులు తరువాత పరిశీలించుటకు వీలుగా టేపుమీద ఎక్కించుట మంచిదని సూచించినారు. ఇంటర్వ్యూను ఆయన మొత్తముగా త్రోసివేయలేదు. దాని స్థానము వ్రాత పరీక్షకు తోడుగా నుండుటయేగాని దానిని మింగివేయుట కాదన్నారు. అప్పటికే సీట్లు పొంది చదువుచున్నవారిని వెడలగొట్టక, తిరస్కరింపబడినవారిలో మేలైన 50 మందికి 1981-82లో అదనపు సీట్లు ఇవ్వవలెనని ఆదేశించినారు. రెండేండ్లు ఇంటి పట్టున కూర్చున్న తరువాత వారికి పిలుపు వచ్చినది. ఆ రెండేండ్ల కాలములో వారిలో ఎందరు తమ శక్తిని తామే శంకించుకొనిరో తీర్పు చెప్పదు. తీర్పులు అట్టివి చెప్పవు.

ఆంధ్రప్రదేశము ఈ చిక్కును మరియొక తీరున విప్పినది. 1983 నాటి చట్టము క్యాపిటేషన్ రుసుములను నిషేధించి, వృత్తివిద్యల ప్రవేశములను ఉమ్మడి పరీక్షలోని ర్యాంకునకు కట్టివేసినది. 1986 నుండి ఎంసెట్ నడచినది. బల్ల పోయినది, పెద్దమనుష్యులు పోయినారు, తండ్రి వృత్తిని గూర్చిన ప్రశ్నయు పోయినది. గొర్రెల కాపరి కొడుకునకును కలెక్టరు కొడుకునకును ఒకే ప్రశ్నాపత్రము. దీని మేలును తక్కువ చేసి చెప్పరాదు. మౌఖిక పరీక్షయే నిలిచియుండినచో నడిగడ్డ యాసతో నోరు తెరచిన పిల్లలు ఎందరు లోనికి పోయియుందురో ఊహించుట కష్టము కాదు.

అయినను పోయినది కూడ కొంత కలదు. అడుగవలసిన ప్రశ్న అడిగియుండినచో ఆ బల్ల యెదుట ఏమి జరిగియుండెడిదో ఒక్కసారి తలపోయదగును. "రాత్రి బాగున్న గొర్రె తెల్లవారి చచ్చిపడినది, ముందు దినము మంద ఎక్కడ మేసినది అని నీవు ఏల అడుగుదువు?" అని ఒక్క ప్రశ్న చాలు. కోచింగు గదులలో మాత్రమే చదివిన విద్యార్థి తడబడును. మందలో పెరిగినవాడు తడుముకొనకుండ చెప్పును. చిటుక రోగమునకు కారణమైన సూక్ష్మజీవి గొర్రె ప్రేగులలోనే యుండుననియు, లేతమేత ఒక్కసారిగా ఎక్కువైనప్పుడు అది పెచ్చరిల్లి విషమును పుట్టించుననియు, అందుచేతనే వానలకు ముందే టీకా వేయవలెననియు తరువాత కళాశాల నేర్పును. దానికి పునాది వానివద్ద ముందే కలదు. ఈ పునాదిని కొలుచుటకు ర్యాంకునకు సాధనము లేదు.

విదేశములలో ఈ కొలత కొరకే ఇంటర్వ్యూను విడువలేదు. బ్రిటనులోని పశువైద్య కళాశాలలు చాలవరకు అభ్యర్థి పశువులమధ్య పనిచేసిన అనుభవమును గూర్చి అడుగును. అందుచేత పట్టణపు పిల్లలు వసంతకాలములో రైతుల కొట్టములకు పోయి, గొర్రెలు ఈనునప్పుడు రాత్రులు మేలుకొని, ఆ అనుభవమును దరఖాస్తులో వ్రాసికొందురు. గద్వాల పల్లెలో అదే పని చేసిన పిల్లవాడు దానిని చదువుగా ఎంచడు. చదువు చెడగొట్టు పనిగా ఇంటివారే ఎంతురు. కెనడాలోని మక్‌మాస్టర్ విశ్వవిద్యాలయమువారు ఈ శతాబ్దారంభమున మరియొక ఉపాయము కనుగొనిరి. ఒకే బల్ల యెదుట కూర్చుండబెట్టుటకు మారుగా అభ్యర్థిని వరుసగా అనేక గదులకు పంపుదురు. ఒక్కొక్క గదిలో ఒక్కొక్క చిన్న సమస్య, ఒక్కొక్క పరీక్షకుడు. ఒకరికి ముఖము నచ్చకపోయినను మిగిలినవారి మార్కులు నిలుచును. వైద్య కళాశాలలతో మొదలైన ఈ పద్ధతిని పశువైద్య కళాశాలలు కొన్ని అనుసరించినవి. వేలకొలది అభ్యర్థులున్న మన దేశములో దీనికి కాలమెక్కడ, పరీక్షకులెక్కడ అని అడుగుట న్యాయమే.

ఇక తిరస్కారమును గూర్చి చెప్పునప్పుడు ఐర్లండునకు చెందిన అలీన్ కస్ట్ కథను దాటిపోరాదు. 1868లో పుట్టిన ఆమె ఎడింబరోలోని న్యూ వెటరినరీ కాలేజీలో చేరినది. ఇంటివారి పరువునకు వెరచి 'కస్టాన్స్' అను మారుపేరుతో చేరినది. కళాశాల అధిపతి విలియం విలియమ్స్ చేర్చుకొన్నాడు, చదువు చెప్పినాడు. కాని వృత్తికి పట్టమిచ్చు రాయల్ కాలేజీ ఆఫ్ వెటరినరీ సర్జన్స్ మండలి 1897లో ఆమెను పరీక్షకే కూర్చుండనీయలేదు. స్త్రీ యగుటయే కారణము. ఆమె న్యాయస్థానమునకు పోయినది; ఆ సంస్థ తమ పరిధిలోనిది కాదని స్కాట్లండు న్యాయస్థానము చేతులు కడుగుకొన్నది. 1900లో చదువు ముగించి, పట్టము లేకయే, గురువు వ్రాసి యిచ్చిన యోగ్యతాపత్రముతో ఐర్లండునకు పోయి, రాస్‌కామన్ మండలములో ఒక పశువైద్యునికి సహాయకురాలై పల్లెలు తిరిగినది. అక్కడి రైతులు ఆమె పట్టమును అడుగలేదు. బాధపడుచున్న గుఱ్ఱమును చూపిరి. మొదటి ప్రపంచయుద్ధ కాలములో ఫ్రాన్సునకు పోయి అక్కడ గాయపడిన గుఱ్ఱముల సేవలో పాలుపంచుకొన్నది. 1919లో స్త్రీలపై ఆంక్షలను తొలగించు చట్టము వచ్చినది. 1922 డిసెంబరులో, తన యేబది నాలుగవ యేట, ఆమె పట్టము చేత పట్టుకొన్నది. యుద్ధసేవను గణించి ఆమెకు చివరి పరీక్షలోని మౌఖిక భాగమును మాత్రమే పెట్టినారు. ఇరువది యయిదేండ్ల క్రిందట ఆమెను చూచుటకే ఒప్పుకొనని బల్ల అది.

మన దేశములో మద్రాసు పశువైద్య కళాశాలకు 1903లో పునాది పడినది. అక్కడినుండి 1952లో పట్టభద్రురాలైన సక్కుబాయి రామచంద్రన్ దేశపు తొలి మహిళా పశువైద్యురాలిగా పేరొందినారు. కళాశాల వెలసిన తరువాత ఒక స్త్రీ పట్టము పుచ్చుకొనుటకు అర్ధశతాబ్దము పట్టినదన్నమాట.

పాలమూరు సీమకు తిరిగి వత్తము. నేడు ఇక్కడి విద్యార్థి తిరస్కారమును ఏ మనిషి ముఖములోను చూడడు. ఫోనులోని ఒక సంఖ్యలో చూచును. ఆ సంఖ్య సీటునకు అందనిచో ముందున్న దారులు కొన్నియే. మరుసటి యేడు మరల పరీక్ష వ్రాయుట యొకటి. అది కోచింగునకు డబ్బు గలవారికి సులభము. మందను అమ్మి ఫీజు కట్టవలసినవారికి సులభము కాదు. మహబూబ్‌నగరులో పశుసంవర్ధక పాలిటెక్నిక్ కలదు. పదవ తరగతి తరువాత రెండేండ్ల డిప్లొమా చదివినచో పశువుల ఆసుపత్రులలో సహాయక ఉద్యోగమునకు అర్హత వచ్చును. కాని 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టము ప్రకారము డిప్లొమాదారు నమోదైన పశువైద్యుని పర్యవేక్షణలో చిన్న చికిత్సలు మాత్రమే చేయవలెను. పల్లెలో రాత్రి రెండు గంటలకు గొర్రె ఈనలేక పెనుగులాడునప్పుడు ఆ పర్యవేక్షణ ఎచ్చట నుండునో చట్టము చెప్పదు. అయినను ఈ చదువును చిన్నచూపు చూచుట తగదు. వేలకొలది మందలకు టీకాలు అందుచున్నది ఈ చేతులమీదుగానే.

ర్యాంకు చాలియుండియు తిరిగివచ్చువారు మరికొందరు కలరు. వీరి కథయే అన్నిటికన్న విచిత్రము. కౌన్సెలింగు బల్ల యెదుట, సర్టిఫికెట్లు పరిశీలించునప్పుడు, "నీవు స్థానికుడవు కావు" అన్న మాట వినబడును. తాతముత్తాతల నాటినుండి ఆలంపురములోనే యున్నామని చెప్పినను లాభము లేదు. స్థానికత తేలునది పుట్టిన ఊరినిబట్టి కాదు, చదివిన బడినిబట్టి.

ఇందుకు మూలము 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. అది విశ్వవిద్యాలయ సీట్లలో నూటికి 85 స్థానికులకు కేటాయించి, అర్హత పరీక్షతో ముగియు నాలుగు వరుస సంవత్సరములు ఏ ప్రాంతములో చదివిరో ఆ ప్రాంతమువారే స్థానికులని ప్రధానముగా నిర్ణయించినది. ఆలంపురము ఉస్మానియా పరిధిలోనిది. తుంగభద్ర దాటగానే వచ్చు కర్నూలు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ పరిధిలోనిది. ఏటికి ఈ ఒడ్డున ఒక లెక్క, ఆ ఒడ్డున ఒక లెక్క. ఈ సీమవారికి సరిహద్దులు మారుట క్రొత్త కాదు. 1956 వరకు గద్వాల, ఆలంపురము తాలూకాలు రాయచూరు జిల్లాలోనివి. రాయచూరు మైసూరు రాష్ట్రమునకు పోగా ఇవి మహబూబ్‌నగరు జిల్లాలో కలిసినవి. 2016లో జోగులాంబ గద్వాల జిల్లా అయినది. జిల్లాలు ఎన్ని మారినను ఆలంపురమువారికి సంత, ఆసుపత్రి, బట్టల అంగడి, మంచి బడి అన్నియు కర్నూలే.

2014లో రాష్ట్రము రెండైనది. పదేండ్లు పాత ఏర్పాటు సాగిన పిదప, 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వము వైద్య, దంతవైద్య కళాశాలల ప్రవేశములకు నిబంధనను బిగించినది: తొమ్మిదవ తరగతి మొదలు ఇంటర్మీడియటు వరకు నాలుగేండ్లు తెలంగాణలోనే చదివినవారికే స్థానికత. ఆ సంవత్సరమే హైకోర్టు, రాష్ట్రములో స్థిరనివాసము గలవారికి దీనిని వర్తింపజేయరాదన్నది. 2025 సెప్టెంబరు 1వ తేదీన సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పును పక్కనపెట్టి నిబంధనను నిలబెట్టినది. రాష్ట్రము వెలుపలికి బదిలీయైన ప్రభుత్వోద్యోగులు మొదలగువారి పిల్లలకు మినహాయింపు కలదు. గొర్రెల కాపరులు కరవు వేసవిలో మందను తోలుకొని నెలల తరబడి పొరుగు సీమలకు పోదురు. దానికి బదిలీ ఉత్తర్వు ఎవరును వ్రాసి యీయరు.

ఈ నిబంధనకు తగిన కారణములు లేకపోలేదు. ఈ రాష్ట్రములో చదివినవారు ఈ రాష్ట్రమునే అంటిపెట్టుకొని పనిచేయుదురను ఆశ అందులో కలదు. వ్రాత పరీక్షకు కళ్లు లేకపోవుట ఒక గుణమైనట్లే, నిబంధనకును కళ్లుండవు. అయితే బల్ల వెనుకనున్న పెద్దమనుష్యుడు పూర్వము అడిగిన "మీది ఏ ఊరు?" అను ప్రశ్న ఇప్పుడు "మీది ఏ బడి?" అని మారి మరల వచ్చినదేమోనని ఆలంపురము తండ్రికి తోచినచో, వానిని తప్పుపట్టజాలము.

బడిపంతుళ్లకు ఇది జూన్ మాసపు వ్యవహారము. ఎనిమిదవ తరగతి గట్టెక్కిన పిల్లవాని తండ్రి ప్రతి వేసవి సెలవుల చివరను ఆలంపురము చౌరస్తాలో నిలుచును. ఒక దిక్కున కర్నూలు బస్సు. దగ్గరి దారి, మేనమామ ఇల్లు, పేరున్న బడి. మరొక దిక్కున గద్వాల బస్సు. నాలుగేండ్ల తరువాత తన కొడుకు ఏ వాకిట నిలువవలసి వచ్చునో, అక్కడ ఏ కాగితము అడుగుదురో ఆ తండ్రికి ఎవరును చెప్పియుండరు. పదమూడేండ్ల పిల్లవాడు సంచి భుజాన వేసికొని, ముందు వచ్చిన బస్సు ఎక్కును.